అవును అనే గడి

పదో ప్రశ్న దగ్గర పెన్ను ఆగింది.
"క్రమం తప్పకుండా ఏవైనా మందులు వాడుతున్నారా?"
పక్కన రెండు గడులు.
అవును. లేదు.
ఒక్కోదాంట్లో చీమ మాత్రమే పడుతుంది.

ష్మున్‌కి ఇరవై రెండేళ్ళు,
ఉప్పుకి తెల్లబడ్డ కనుబొమలు.
నా భుజం మీంచి తొంగిచూసి గొంతు తగ్గించాడు:
"లేదని కొట్టేయండి, ఆల్దా. అందరూ అంతే.
అవునన్నారో, ఇక డాక్టరు, ముద్ర, నెలలు."

పంతొమ్మిదేళ్ళు ఇమ్జార్ రేవులో
ఫెర్రీ టికెట్లు చింపాను.
ఏనాడూ ఒక్క సెంటు తేడా రాలేదు.
నీళ్ళ మీద ఇంతమందిని దాటించి
నీళ్ళ కింద ఏముందో చూడనిదాన్ని.

లేదు గడిలో పెన్ను ఆనించాను కూడా.
చుక్క పడింది.
ఆ చుక్క చూస్తే మాత్రే గుర్తొచ్చింది:
తెల్లగా, మధ్యలో గీతతో,
కాఫీ కంటే ముందు నాలుక మీద కూర్చునేది,
నాలుగేళ్ళుగా.
దాన్ని లేదనడమంటే
వానలో గొడుగు పట్టి ఇంటిదాకా తెచ్చినవాణ్ణి
వీధి మలుపులో "ఎవరో" అనేయడం.

ఇంకో కాగితం ఇవ్వమన్నాను.

ఫిబ్రవరి. డాక్టర్ గ్రెక్ గది.
కిటికీ అవతల పండగ మందుగుండు పేలుస్తున్నారు.
ఢామ్మన్నప్పుడల్లా
రక్తపోటు పట్టీ కింద నా చెయ్యి ఉలిక్కిపడుతోంది.
"మళ్ళీ చూద్దాం" అంటాడాయన. మళ్ళీ ఢామ్.
"ఎందుకు మొదలెట్టారు ఈ మాత్రలు?"
చెప్పాను.
ఓ మంగళవారం, ఏడున్నర ఫెర్రీకి,
వరుసలో అరవైమంది ఉండగా
అద్దం అవతల మొహాలన్నీ చేపల్లా నోళ్ళు తెరవడం,
గాలిలో నా వాటా అయిపోయిందనిపించడం,
బల్ల కింద దూరి చిల్లర లెక్కపెట్టడం.
"ఎంతుంది?" అన్నాడు.
"నలభై ఒక్క యూరోలా డెబ్బై సెంట్లు."
రాసుకున్నాడు, ఎందుకో మరి.

మూర్ఛలొచ్చాయా? లేదు.
పగలు నిద్ర ముంచుకొస్తుందా?
రాత్రి నిద్రే రాకనే కదండీ ఇదంతా.
మోతాదు ఎప్పుడు మార్చారు?
జనవరిలో.

పెన్నుకి మూత పెట్టేశాడు.
"ఏప్రిల్ చివర్లో రండి.
మందు మారిన ఒంటిని ముందు నేల మీద చూడాలి.
సముద్రం ఎక్కడికీ పోదు."

పోదని ఆయనకేం తెలుసు!
రోజంతా నా కిటికీ ముందు
వెళ్ళడం, రావడం, అదే దాని పని.
బాదం పూలు రాలిపోయాయి.
గోడ రాళ్ళ సందుల్లో కేపర్ తీగలు చిగురేశాయి.
రాత్రుళ్ళు స్నానాల తొట్టిలో తల ముంచి
ఊపిరి బుడగలు బుడగలుగా వదిలేదాన్ని.
పక్కింటి నినా గోడ తట్టేది, బతికే ఉన్నావా అని.

ఏప్రిల్‌లో ఒక్కటే ప్రశ్న వేశాడు.
"పన్నెండు మీటర్ల లోతులో భయం పట్టుకుంది. ఏం చేస్తారు?"
పైకి పరిగెత్తను, అన్నాను.
ఆగుతాను. ఊపిరి వదుల్తాను. లెక్కపెడతాను.
"నాణేలా?"
"అక్కడ ఏవి దొరికితే అవి."

నవ్వలేదు. సంతకం పెట్టాడు,
పస్తిత్సి జిడ్డు అంటిన వేళ్ళతోనే.
కాగితం మూల అద్దంలా పారదర్శకమైంది.
"గుర్తుంచుకోండి. దిగొచ్చని రాశాను.
దిగమని కాదు."

మూడు నెలలు కాచిన ఆ కాగితాన్ని
ష్మున్ చూడనైనా చూడకుండా ఫైల్లో దోపేశాడు.
కోపమొచ్చింది. గట్టిగా చదవమన్నాను.
చదివాడు పాపం, మందు పేరు దగ్గర తడబడుతూ,
రేవులో వలలు బాగుచేసేవాళ్ళందరికీ వినపడేట్టు.
ఒకాయన తల కూడా ఎత్తలేదు.
"మా ఆవిడా అదే వేసుకుంటుంది" అన్నాడు, దారం కొరికి.

పడవ ముక్కు మీద గీసిన రంగు కళ్ళు,
రెప్పల్లేనివి,
నాకంటే ముందే నీళ్ళలోకి చూస్తున్నాయి.
నా నడుం పట్టీకి సీసం బిళ్ళలు ఎక్కిస్తున్నాడు ష్మున్.
అలవాటుగా లెక్కపెట్టుకున్నాను.
ఆరు.

"ఒకటి తక్కువుంది" అన్నాను.